పట్టపు బట్ట ఉతికిన మొగిలమ్మ

ఆదివారం వచ్చిందంటే మొగిలమ్మ అందరికంటే ముందు లేచేది. పొయ్యిగడ్డ మీద మూతపెట్టిన నిన్నటి గంజిని ముంతలోకి వంచుకుని, ఉప్పుగల్లు వేసి, ఒక్క గుక్క తాగేది. ఆకలికి కాదు. ఆ గుక్క గొంతు దిగితే ఆ పూటకు గండం గడిచినట్టే. వాళ్ల గుడి కట్టడ ప్రకారం పూజలో సత్ప్రసాదమనే అప్పం తీసుకునేవాళ్లు అర్ధరాత్రి దాటాక మంచినీళ్లు కూడా ముట్టకూడదు. గంజి తాగిన మనిషిని సత్ప్రసాదానికి ఎందుకు లేవలేదని ఎవరూ అడగరు. ముసలిది, కడుపు మాడ్చుకోలేక తాగి ఉంటుందిలే అనుకుంటారు.

అలా ఏడాదిన్నర గడిపింది. ఆ సత్ప్రసాదం పంచే గురువు ఎవరో కాదు, ఆమె కడుపున పుట్టిన ఏలియా.

మట్టెవాడలో జంపఖానాలు నేసేవాళ్ల గల్లీ అది. ముప్పై ఇళ్లు ఉంటాయి. అందరూ కిరస్తానీలే, అందులోనూ కతోలికులు. మరియమాతకు మొక్కుతారు, జపమాల తిప్పుతారు, శుక్రవారం నీచు ముట్టరు. కాని రోములో ఉండే పోపుగారి కింద ఉండరు. వాళ్ల గుడి వేరు, వాళ్ల గురువు వేరు. గుడి అంటే గోపురమూ గంటా ఏమీ లేవు. నాలుగు మగ్గాలు తీసేసి, గోడలకు సున్నం కొట్టి, ఒక బల్ల వేసుకున్న పెంకుటిల్లు.

మొదట్లో వాళ్లూ రోముకు లోబడిన పెద్ద గుడి మనుషులే. మొగిలమ్మ పెనిమిటి సారయ్య ఆ గుడికి ఇరవై ఏళ్లు ఉపదేశిగా చేశాడు. పిల్లలకు జపాలు నేర్పేవాడు, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చునేవాడు, పీనుగు లేస్తే ముందు నడిచేవాడు. పూజ మాత్రం చేయకూడదు. పెళ్లయినవాడికి గురుపట్టం ఇవ్వరు కదా. రెండు నెలలకోసారి వచ్చే ఫాదరు కోసం ఎదురు చూడాలి, ఆయన వచ్చాక లాటిన్‌లో చదివేది వింటూ కూర్చోవాలి.

"మన పక్కన కూసుండి ఏడ్సేటోడే మనకు పూజ జేస్తె ఏం పాపమొస్తదయ్యా?" అని గల్లీ పెద్ద వెంకట్రాజం ఒకనాడు అన్నాడు. ఆ మాట ఊరికే పోలేదు. పడమటి సముద్రం దిక్కున రోముకు లోబడని కతోలిక సభ ఒకటుందనీ, అందులో పెళ్లయినవాళ్లకూ పట్టం ఇస్తారనీ, ఎవరి భాషలో వాళ్లు పూజ చేసుకోవచ్చనీ ఎవరో చెప్పారు. సారయ్య ఉత్తరాలు రాశాడు. మూడేళ్లు రాశాడు. ఆ సభలో గురువుల మీద పెద్ద అయిన మేత్రాణులు, వచ్చి పట్టం ఇస్తామని జవాబు పంపేనాటికి సారయ్యను గత్తర, అదే కలరా, ఎత్తుకుపోయింది. పొద్దున మగ్గం మీద కూర్చున్నవాడు దీపాలవేళకు లేడు. ఆ ఉత్తరం మొగిలమ్మ చేతికే వచ్చింది. చదవడం రాదు. ఎవరితోనైనా చదివించుకోవాలని కూడా తోచలేదు. మూడు రోజులు దాన్ని తల కింద పెట్టుకుని పడుకుంది.

తండ్రికి రావలసిన పట్టానికి కొడుకు తల వంచాడు. ఏలియాకు అప్పటికే లిదియాతో పెళ్లయింది. మగ్గం దిగి, పెళ్లాన్ని తల్లికి అప్పజెప్పి, ఏడాదిన్నర మేత్రాణుల దగ్గర ఉండి చదువుకుని వచ్చాడు. పందొమ్మిది వందల నలభై నాలుగులో వానలు వెనకబట్టాక, ఆ మేత్రాణులు స్వయంగా రైలెక్కి వచ్చి, ఆ పెంకుటింట్లోనే అతనికి పట్టం ఇచ్చారు. వారమంతా మగ్గం మీద, ఆదివారం బల్ల ముందర. అదీ, గురువయ్యాక అందరూ సామీ అనే ఏలియా బతుకు.

పట్టం రోజున మేత్రాణులు ఇంటివాళ్లను అడిగిందల్లా ఒక తెల్లబట్ట. కొత్త గురువు అరచేతులకు పరిమళ తైలం పూసి, రెండు చేతులూ జోడించి తెల్లబట్టతో కడతారు. అవి యుద్ధం రోజులు. కంట్రోలు దుకాణంలో చీటీ ఉంటే తప్ప తెల్లబట్ట దొరకదు. గల్లీలో నేసేవి ముతక జంపఖానాలు. మొగిలమ్మ తన పెట్టె తీసింది. అడుగున సారయ్య పండుగ ధోతి ఉంది. నాలుగేళ్లుగా ఒక్క మరక పడకుండా వేపాకు వేసి దాచుకున్నది. దాని కొస నుంచి రెండు మూరల పట్టీ చింపి ఇచ్చింది. చింపేటప్పుడు కళ్లు మూసుకుంది, చూడకపోతే చప్పుడు వినబడదన్నట్టు.

తంతు అయ్యాక మేత్రాణులు ఏలియా చేతుల కట్టు విప్పి, ఆ బట్టను మడిచి, వచ్చీరాని తెలుగులో "తల్లీ, ఇది దాచుకో" అని మొగిలమ్మ చేతిలో పెట్టారు. మర్నాడే ఆయన కాజీపేటలో రైలెక్కి వెళ్లిపోయారు.

ఇల్లు సర్దుకుంటుంటే ఆ బట్ట మళ్లీ కంటపడింది. విప్పి చూస్తే నడిమధ్యన పచ్చగా జిడ్డు మరక. మొగిలమ్మ గుండె చివుక్కుమంది. ఆయన ధోతి! ఇలాగే పెట్టెలో పెడితే నూనె వాసనకు ఎలుకలు రావా, ధోతి మొత్తం కొరికి పెట్టవా?

నేసేవాళ్ల ఇంట్లో నూనె మరకను పాముకంటే చెడ్డగా చూస్తారు. జిడ్డున్న నూలుకు రంగు పట్టదు. బజారు నుంచి వచ్చిన నూలును ముందు చౌడునీళ్లలో ఉడకబెట్టి, జిడ్డు తీసి, అప్పుడు రంగు గోలెంలో ముంచాలి. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆ ఇంట్లో ఆ పని మొగిలమ్మదే. చేయి దానంతట అదే పోయింది. కుండ పొయ్యి మీద పెట్టింది, చౌడు వేసింది, బట్ట వేసి ఉడకబెట్టింది. మరక జాడ ఇంకా కనిపిస్తే నీళ్లు మోరీలో పారబోసి మళ్లీ ఉడకబెట్టింది. చివర నీలిమందు చిటికెడు వేసి జాడించి దండెం మీద ఆరేసింది. ఎండలో కొంగ రెక్కలా మెరిసింది. తృప్తిగా మడిచి పెట్టెలో పెట్టుకుంది.

ఎనిమిదో నాడు, అన్నాల దగ్గర, లిదియా ఊరికే అడిగింది. "అవునుగని, గా బట్ట అత్తమ్మకెందుకిచ్చిండ్రు?"

"గది మా అవ్వదే," అన్నాడు ఏలియా ముద్ద కలుపుకుంటూ. "పట్టం తైలం దాంట్ల ఉంటది గద. అవ్వ కాలం జేసిననాడు అవ్వ చేతులకు గదే కట్టి పంపాలె. దేవుని ముంగట నిలవడితె, నాకోసం ఏం దెచ్చినవ్ బిడ్డా అని అడుగుతడట. గిదో, నా కొడుకునిచ్చిన, గీ తైలం వాసన జూడు అని అవ్వ చెయ్యి సాపాలె. మేత్రాణులు చెప్పిండు."

"మంచిగున్నది," అంది లిదియా.

మొగిలమ్మ ముద్ద కంచంలోనే వదిలేసింది. లేచి వెళ్లి పెట్టె తీసి, బట్టను ముక్కుకు ఆనించుకుంది. వేపాకు వాసన, నీలిమందు వాసన. అంతే.

ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే లెక్క. కొడుకు చేతులకు పూసిన తైలంలో సగం బట్టకు అంటింది. ఆ సగాన్ని తను ఉడకబెట్టి మోరీలో పోసింది. మరి కొడుకు పట్టం నిలిచి ఉందా, పోయిందా? ఎవరిని అడగాలి? మేత్రాణులు ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్నారు. కొడుకును అడిగితే, ఒకవేళ అతను "పోయిందే అవ్వా" అంటే? తండ్రి మూడేళ్లు ఉత్తరాలు రాసిన పట్టం. తండ్రి చూడకుండా పోయిన పట్టం.

మూడు నెలలకు అదే గల్లీలో ఉండే భద్రమ్మ మనవడికి ఏలియా జ్ఞానస్నానం ఇచ్చాడు. గురువుగా అతను చేతిలోకి తీసుకున్న మొదటి పసివాడు. నెల తిరక్కుండా జ్వరం వచ్చి పోయాడు. జ్వరంతో ఉన్న మూడు రోజులూ ఏలియా మగ్గం ఎక్కలేదు, ఆ పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భద్రమ్మ గుండెలు బాదుకుంటుంటే మొగిలమ్మ పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. ఆ చేయి తనదేనని, ఆ చేయే చౌడు వేసిందని లోపల ఒకటే రొద.

పాపం ఉన్న మనిషి దాన్ని గురువు చెవిన వేసి, క్షమాపణ పొంది, అప్పుడు సత్ప్రసాదం తీసుకోవాలి. దాన్ని పాపసంకీర్తనం అంటారు. వాళ్ల గుడిలో దానికి కొయ్యపెట్టె లేదు. ఒక మూలన తాడు కట్టి జంపఖానా వేలాడదీస్తారు. అవతల గురువు పీట మీద కూర్చుంటాడు, ఇవతల మనిషి మోకరించి చెప్పుకుంటారు. పెద్ద గుడి వాళ్లయితే ఈ ఫాదరు కాకపోతే ఆ ఫాదరు దగ్గరకు పోతారు. వీళ్లకు ఉన్నది ఒక్కడే గురువు. మొగిలమ్మకు ఆ ఒక్కడూ కొడుకే.

అందుకే గంజి.

ఒక ఆదివారం లిదియా కావాలనే గంజిముంత దాచేసింది. మొగిలమ్మ కుండలో చేయి ముంచి దోసెడు నీళ్లు తాగింది. లిదియా చూసింది. మర్నాటి నుంచి ముంత ఎప్పటి చోటనే ఉంది.

ఇంటివాళ్లు ఊరుకున్నా ఊరు ఊరుకుంటుందా? చేదబావి దగ్గర భద్రమ్మ ఒకనాడు బిందె దించి, కొంగు దోపుకుని నిలబడింది.

"వదినే, ఒక్కమాట అడుగుత, కోపం జేయకు. నీ కొడుకు చేతి ప్రసాదం నీకు పడ్తలేదా?"

"ముసల్దాన్ని, ఆకలికి ఆగలేనే భద్రమ్మా."

"అబ్బో! శుక్రవారం ఒక్కపొద్దుంటవు, పొద్దుగూకెదాక పచ్చినీళ్లు ముట్టవు. ఆదివారం పొద్దటిపూటకే నీకు ఆకలి దంచుతదా?"

మొగిలమ్మ చేంతాడు అందుకుంది. భద్రమ్మ దగ్గరకు జరిగింది. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు.

"నీకేమన్న ఎర్కుంటె చెప్పు వదినే. నా మనుమని తలమీద నీళ్లు వోసింది పట్టమున్న చెయ్యేనా, ఉత్త చెయ్యా? గంతే అడుగుతాన. ఇంకేం అడగ."

మొగిలమ్మ చేతిలోంచి చేంతాడు జారి చేద బావిలో పడింది. దాన్ని తీయడానికి గాలం కోసం పోయే వంకతో బయటపడింది. భద్రమ్మకు మాత్రం జవాబు అందినట్టే అయింది.

ఏడాది తిరిగింది. మళ్లీ నలభై రోజుల ఉపవాసకాలం వచ్చింది, పాస్కా, అంటే ఈస్టరు, పండుగ ముందరి చివరి వారానికి చేరింది. మ్రానికొమ్మల ఆదివారం పూజ అయ్యాక వెంకట్రాజం ఏలియా ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. లోపల మొగిలమ్మ రాట్నం ఆపి వింటోంది. ఆమెకు వినబడాలనే అతనూ గట్టిగా మాట్లాడాడు.

"సామీ, నీ మీద నాకు అనుమానం లేదు. మీ నాయిన మీద ప్రమాణం. కని మందికి ఏం జెప్పాలె? మీ సామిని కన్నతల్లే ఆయన చేతి ప్రసాదం ముట్టదు, మీరెట్ల ముడ్తాండ్లని పెద్ద గుడోళ్లు నవ్వుతాండ్లు. పోరగాండ్లకు సంబంధాలు దొరుకుతలేవు. మీ లగ్గాలు లగ్గాలేనా అంటాండ్లు. పద్దెనిమిది ఇండ్లోళ్లం ఒక మాట అనుకున్నం. ఈ పాస్కా పండుగకు మీ అవ్వ ప్రసాదానికి లేస్తె సరె. లేకుంటె పండుగ తెల్లారి మేం పోయి పెద్ద గుడిల కలుస్తం."

ఏలియా గొంతు వినిపించింది. "మా అవ్వను నేను బలవంతం జెయ్య పెదనాయినా. గది ఆమెకూ దేవునికీ నడుమ."

"మంచిది. మరి నీకూ మాకూ నడుమ ఏమున్నదో గది గూడ సూసుకో."

రాట్నం మీద పోగు తెగింది. మొగిలమ్మ దాన్ని ముడి వేయబోయి వేయలేక కూర్చుండిపోయింది. చెబితే కొడుకుకు తను గురువు కాదని తెలుస్తుంది. చెప్పకపోతే ఊరంతా గురువు కాదంటుంది. ఎటు పోయినా వాడి మెడకే.

బుధవారం నాడు సుబేదారిలో ఒక గుమాస్తా ఇంటికి జంపఖానా ఇచ్చిరావాలి. నేను పోతానని జంపఖానా చుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. జంపఖానా ఇచ్చింది. ఇచ్చాక ఇంటివైపు తిరగలేదు. పెద్ద గుడి వైపు నడిచింది. తెలియని గురువు, తెలియని చెవి. చెప్పేసి దించుకుంటే చాలనుకుంది.

లోపల చల్లగా ఉంది. కొయ్యపెట్టె లోపల, పక్క కిటికీకి చెవి ఒగ్గి తెల్లగడ్డం ముసలి గురువు ఒకాయన కూర్చున్నాడు. మొగిలమ్మ మోకరించి మొత్తం చెప్పింది. ధోతి, తైలం, చౌడు, రెండుసార్లు ఉడకబెట్టడం, భద్రమ్మ మనవడు, గంజి. ఆయన అడ్డురాకుండా విన్నాడు. మంచి మనిషి. మధ్యలో ఒకసారి "అయ్యో తల్లీ" అన్నాడు కూడా.

చివరకు మెల్లగా చెప్పాడు. "అమ్మా, నువ్వు ఏ పాపమూ చేయలేదు. మా సభ ఆ పట్టాన్ని ఒప్పుకోదు. నీ కొడుకు మంచివాడే కావచ్చు, కాని గురువు కాడు. ఆ తైలమూ పట్టపు తైలం కాదు. మామూలు నూనె ఉతికినట్టే అనుకో. మనసు తేలిక చేసుకో. మీరంతా తిరిగి రండి, తలుపు తీసే ఉంది."

ఒక్క క్షణం మొగిలమ్మ ఒంట్లోంచి బరువంతా దిగిపోయింది. పాపం లేదు. ఏడాదిన్నర మోసిన రాయి రాయే కాదట. మామూలు నూనె అట. ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వదిలేలోపే, పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు కదలకుండా కూర్చున్న ఏలియా కళ్లముందు నిలిచాడు. తల కింద పెట్టుకున్న ఉత్తరం గుర్తొచ్చింది.

లేచి నిలబడింది. "ఎవలయ్యా నా కొడుకు గురువు కాదన్నది?"

"నెమ్మది తల్లీ..."

"తైలం నేను పోగొట్టిన. గురువు కాకుంటె, నేను పోగొట్టినందుకు గావాలె. పోగొట్టిన పాపం నాది, ఒప్పుకుంట. అసలుకే లేకుండె అంటె మాత్రం ఊకోను. లేనిది నేనెట్ల పోగొడ్త?"

ముసలి గురువు వాదించలేదు. "పోయి రా తల్లీ. నీకోసం జపం చేస్తాను," అన్నాడు.

కొంగుతో ముఖం తుడుచుకుంటూ మెట్లు దిగుతుంటే ఎదురుగా భద్రమ్మ మెట్లెక్కుతోంది. చేతిలో జపమాల. ఆమె ఇక్కడికి రావడం కొత్త కాదని నడకలోనే తెలిసిపోయింది. ముందు తడబడింది, తర్వాత ముఖమంతా విప్పారింది.

"నువ్వు గూడ వచ్చినవా వదినే!" అంది. నిజంగానే సంతోషపడింది పాపం. ఒంటరిగా తిరుగుతున్న దారిలో తోడు దొరికినట్టు.

మొగిలమ్మ కాదనకుండానే మెట్లు దిగిపోయింది.

దారిలో ఆగి ఆగి ఆమె మట్టెవాడ చేరేసరికి, మొగిలమ్మ పెద్ద గుడికి పోయిందని భద్రమ్మ నోటి కబురు ముందే చేరింది. అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. ఏలియా మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. తల ఎత్తి చూశాడు. అతనికి తెలుసు. తెలిసిన సంగతి ముఖంలో దాచలేకపోయాడు.

"సుబేదారిల జంపఖానా తీస్కున్నరా అవ్వా?"

"తీస్కున్నరు కొడుకా."

"మంచిది. ఎండల వడి వచ్చినవ్, జర కూసో," అని మళ్లీ మగ్గం తొక్కడం మొదలుపెట్టాడు. పోగులు కలవడం లేదు. నేసిన రెండు జానలూ విప్పేసి మళ్లీ మొదలుపెట్టాడు.

పండుగ ముందరి శనివారం పొద్దున పాపసంకీర్తనానికి జనం వరసకట్టారు. వెంకట్రాజం గడప దగ్గర కూర్చుని ఉన్నాడు, ఎవరు వచ్చారో చూస్తున్నట్టు కాకుండా చూస్తున్నాడు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లి జంపఖానా ముందు మోకరించి, లేచి వెళ్లిపోతున్నారు. చివర్న మొగిలమ్మ వచ్చి నిలబడింది.

మోకరించింది. జంపఖానా కొస కింద నుంచి కొడుకు పాదాలు కనిపిస్తున్నాయి. మగ్గం తొక్కి కాయలు కాసిన పాదాలు.

"దీవించుండ్రి సామీ," అంది.

ఆ గొంతు ఎవరిదో అతనికి ఒకరు చెప్పాలా? అయినా మెల్లగా, ఇందాకటి వాళ్లతో మాట్లాడిన గొంతుతోనే అన్నాడు. "దేవుడు నిన్ను దీవించుగాక బిడ్డా. చెప్పు."

కడుపున పుట్టినవాడు తనను బిడ్డా అన్నాడు. మొగిలమ్మకు అంతవరకూ పట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే బట్ట ఉతికిన సంగతి చెప్పింది. అవతల నుంచి ప్రశ్న వచ్చింది.

"సబ్బుతోని ఉతికినవా, చౌడుతోనా?"

అది గురువు అడగాల్సిన ప్రశ్న కాదు. నేసేవాడు అడిగే ప్రశ్న. నోటినుంచి జారింది.

"చౌడేసి ఉడకవెట్టిన సామీ. రెండు మాట్ల."

"ఇగ ఏం మిగుల్తది." నిట్టూర్పు వినిపించింది. మళ్లీ గొంతు సవరించుకున్నాడు. "విను బిడ్డా. మేత్రాణులు తైలం నా చేతులకు రాసిండు. బట్టకు రాయలే. చేతులు జారకుంట బట్ట కట్టిండు. గంతే. చేతులు నాకే ఉన్నయి."

"మరి భద్రమ్మ మనుమడు?"

"వాడు జరమొచ్చి పోయిండు బిడ్డా. నువ్వు ఉతికినందుకు పోలే. నేను జపం తక్కువ జేసినందుకు పోయిండేమోనని నేను గూడ..." ఆగాడు. ఆ మాట తల్లికి చెప్పాలి కాని, పాపం చెప్పుకునే మనిషికి చెప్పకూడదు. మింగేశాడు. "ఇంకేమన్న ఉన్నదా?"

"పెద్ద గుడి సామి మీదికి లేచిన."

"ఏమని?"

చెప్పింది. లేనిది నేనెట్ల పోగొడ్త అన్నదాకా చెప్పింది. జంపఖానా కదిలింది. అవతల దగ్గో నవ్వో ఏడుపో తెలియని చప్పుడు వచ్చి ఆగింది.

"పెద్దల మీదికి లేసుడు తప్పే. మూడు పరలోక జపాలు చెప్పుకో. ఇంకోటి, రేపు పొద్దుగాల గంజి ముట్టకు."

ఆమె తల ఎత్తింది. గంజి సంగతి ఇంకా చెప్పనే లేదు. ఏడాదిన్నరగా వాడికి తెలుసు. తెలిసీ ఒక్కసారి అడగలేదు.

జంపఖానా అవతల నుంచి క్షమాపణ జపం తెలుగులో, ఒక్కొక్క మాటా విడివిడిగా వినిపించింది. మొగిలమ్మ లేచి కొంగు సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా వెంకట్రాజం పక్కనుంచే గడప దాటింది.

పండుగ నాడు సత్ప్రసాదానికి ఆడవాళ్ల వైపు నుంచి మొదట లేచింది ఆమే. నోరు ఎండిపోయి ఉంది. ఆమె నాలుక మీద అప్పం పెట్టేటప్పుడు ఏలియా కళ్లు దించుకున్నాడు. ఆమె తిరిగి వచ్చి కూర్చునేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత వెంకట్రాజం మోకాళ్లు పట్టుకుని లేచాడు. అతని వెనక మిగతావాళ్లు లేచారు.

అందరూ కాదు. పద్దెనిమిది ఇళ్లలో మూడిళ్లవాళ్లు పెద్ద గుడికి వెళ్లిపోయారు. భద్రమ్మ ఇల్లు అందులో ఒకటి. మనవడు పోయిన చోట ఆమెకు కాలు నిలవలేదు. ఆమెను ఎవరేమంటారు? చేదబావి దగ్గర మాత్రం ఇద్దరూ ఎప్పటిలాగే ఒకరి బిందె ఒకరు నెత్తికెత్తేవాళ్లు.

పండుగ తెల్లారి సోమవారం. ఏలియా మగ్గం గుంటలో దిగి కాళ్లు సర్దుకుంటున్నాడు. లిదియా బజారుకు పోయింది. ఇంట్లో ఇద్దరే. మొగిలమ్మ రంగు గోలెం దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. రెండు రోజులుగా మనసులో ఉన్న మాట.

"కొడుకా, గా బట్ట ఇప్పుడు ఏం జెయ్యాల్నంటవ్? మేత్రాణులకు రాసి అడుగుదామా?"

ఏలియా తల ఎత్తాడు.

"ఏ బట్ట అవ్వా?"

"గదేరా... శనివారం నాడు..."

"శనివారం నాడు ఏంది?"

మొగిలమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. వేళాకోళం లేదు. దాచిపెడుతున్న మనిషి బెదురూ లేదు. చదునుగా, ఏమీ విననివాడిలా, ఎవరి పాపమూ ఎప్పుడూ చెవిన పడనివాడిలా చూస్తున్నాడు. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదని సారయ్య పిల్లలకు నేర్పడం ఆమె వెయ్యిసార్లు విన్నది. చెప్పుకున్న మనిషికే మళ్లీ చెప్పనివాడిని ఇప్పుడే చూస్తోంది.

గోలెంలో రంగునీళ్లు చల్లారుతున్నాయి. అటు తిరిగింది.

"ఏం లేదు సామీ," అంది.

ఇంట్లో ఆమె అతన్ని అలా పిలవడం అదే మొదలు. ఏలియా తల వంచుకుని పోగు అందుకున్నాడు.